గోదావరి, కృష్ణా నీళ్ళు సముద్రంలో కలిస్తే మనకు నష్టమేనా?

శివారు రైతు (నాగాయలంక వైపు)

ఏటా ఆగస్టు వచ్చేసరికి పత్రికల్లో అదే వార్త. ధవళేశ్వరంలో 175 గేట్లు ఎత్తారు, ఇన్ని లక్షల క్యూసెక్కులు సముద్రం పాలు. ప్రకాశం బ్యారేజీలో 70 గేట్లు ఎత్తారు, ఇన్ని టీఎంసీలు వృథా. ఆ వెంటనే ఎవరో ఒక నాయకుడు, ఒక్క చుక్క కూడా కిందికి పోనివ్వం అంటారు.

మాది కృష్ణా డెల్టాలో చిట్టచివరి కాలువ కింద భూమి. ఏప్రిల్‌లో మా చేను చూస్తే గట్ల అంచున తెల్లగా ఉప్పు పెచ్చులు కడుతుంది. వేలితో గీస్తే పొడిలా రాలుతుంది. బోరు కొంచెం లోతుకు దింపితే చాలు, ఉప్పునీరు. మా నాన్నగారి రోజుల్లో అదే చేలో బావి నీళ్ళు తాగేవారు. పైనుంచి మంచినీరు రావడం తగ్గిన కొద్దీ కింద నుంచి ఉప్పునీరు ఎగదన్నుతోంది. ఇది ఎవరూ చెప్పనక్కర లేదు, మేము చూస్తున్నదే.

నాకు తెలియనిది వేరే ఉంది. నది నీరు సముద్రంలోకి వెళ్ళాక అక్కడ ఏం చేస్తుంది? దానివల్ల గాలికి, వానకు, తీరానికి ఏమైనా ఒరుగుతుందా, లేక నిజంగానే ఉప్పులో కలిసి ఊరికే పోతుందా? చదువుకున్నవారు, ఆ పనిలో ఉన్నవారు చెప్పండి. రెండు వైపుల వాదనా వినాలని ఉంది. దయచేసి పార్టీల గొడవ తేవద్దు.

కాలువ గట్టు (రాజమహేంద్రవరం, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను)

రైతు గారూ, ముందు నేను ఆపాలనేవారి పక్షాన మాట్లాడతాను. ఆ పక్షానికీ బలమైన కారణం ఉంది.

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి కాకముందు గోదావరి నీరు దాదాపు అంతా సముద్రంలోకే వెళ్ళేది. అప్పుడు డెల్టా ఎలా ఉండేది? 1832-33లో నందన కరవు వచ్చినప్పుడు గుంటూరు సీమలో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పక్కనే రెండు జీవనదులు పారుతుండగా జనం ఆకలితో పోయారు. ఈనాడు గోదావరి డెల్టాలో 10 లక్షల ఎకరాలు, కృష్ణా డెల్టాలో 13 లక్షల ఎకరాలు పండుతున్నాయంటే నీటిని ఆపి కాలువల్లోకి మళ్ళించినందువల్లే. పల్లెల్లో కాటన్ బొమ్మకు ఇప్పటికీ దండలు వేస్తారు, ఊరికే కాదు.

రెండో సంగతి. గోదావరిలో నీరు ఏడాది పొడవునా సమంగా రాదు. వచ్చేదంతా దాదాపు జూలై నుంచి అక్టోబరు లోపలే. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఆ ఉధృతి ఒక్క రోజు నిలిచిందనుకున్నా 300 టీఎంసీలు. పోలవరం జలాశయం పూర్తి సామర్థ్యం 194 టీఎంసీల చిల్లర. అంటే అలాంటి వరదను ఆపుదామన్నా ఎవరి వల్లా కాదు. ఏటా రెండు మూడు వేల టీఎంసీలు సముద్రంలోకి వెళుతున్నాయని లెక్క చెబుతారు, అందులో అధిక భాగం ఇలా నాలుగు రోజుల్లో పరుగెత్తే వరద నీరే. కాబట్టి ఆ అంకె చూసి ఆశపడేవారూ, ఆపితే సర్వనాశనమనేవారూ ఇద్దరూ కాస్త నిదానించాలి.

సాగర విద్యార్థిని (విశాఖపట్నం)

శివారు రైతు గారు అడిగిన ప్రశ్నే నా పరిశోధన అంశానికి చాలా దగ్గర. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

బంగాళాఖాతం మిగతా సముద్రాల లాంటిది కాదు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదులు ఒక్క మూలలోకి వచ్చి పడతాయి. దానికి తోడు సముద్రం మీద కురిసే వాన. అరేబియా సముద్రంలో కిలో నీటికి 36 గ్రాముల ఉప్పు ఉంటే, వర్షాకాలం చివర్లో బంగాళాఖాతం ఉత్తర భాగంలో పై నీటిలో 30 గ్రాములకన్నా తక్కువ ఉంటుంది.

ఓడ మీద నుంచి ఉప్పు, వేడి కొలిచే పరికరాన్ని తాడుతో కిందికి దింపుతాము. తెర మీద గీత వస్తూ ఉంటుంది. పై పది పదిహేను మీటర్ల వరకు గీత నిటారుగా ఉంటుంది, నీరు తేలిక. అక్కడ ఒక్కసారిగా పక్కకు మలుపు తిరుగుతుంది, ఉప్పు చకచకా పెరిగి 33, 34 గ్రాములకు చేరుతుంది. ఆ మలుపు మొదటిసారి చూసినవారెవరూ మరిచిపోరు. పాల మీద మీగడలాగా తేలిక నీరు బరువు నీటి మీద పరుచుకుని ఉంటుంది.

దీని పర్యవసానం గాలి మీద పడుతుంది. మామూలుగా గట్టి గాలి వీస్తే అలలు సముద్రాన్ని చిలికి, అడుగున ఉన్న చల్లటి నీటిని పైకి తెస్తాయి. అరేబియా సముద్రం పడమటి భాగం వర్షాకాలంలో చల్లబడటానికి అదొక కారణం. బంగాళాఖాతంలో ఈ పై పొర చిలకనివ్వదు. ఎండ వేడి అంతా ఆ పలుచని పొరలోనే నిలుస్తుంది. వర్షాకాలమంతా పై నీరు 28 డిగ్రీలకు అటూ ఇటూగా, చాలాసార్లు అంతకు పైనే ఉంటుంది. నీరు అంత వెచ్చగా ఉంటేనే పెద్ద మేఘాలు నిట్టనిలువుగా ఎదుగుతాయి. ఉత్తర బంగాళాఖాతంలో అల్పపీడనాలు ఒకదాని వెంట ఒకటి పుట్టడానికి ఈ వేడి ముఖ్యమైన ఆధారం.

చలికాలంలో ఇంకో విచిత్రం. పై నీరు చల్లబడుతుంది, కానీ తేలిక కాబట్టి కిందికి దిగదు. అప్పుడు పైన చల్లగా, కింద వెచ్చగా ఉంటుంది. సముద్రంలో సాధారణంగా కనిపించేదానికి ఇది పూర్తిగా తలకిందులు.

మంచిర్యాల మాస్టారు

అమ్మా, మీరు రాసింది చదువుతుంటే నాకు వెంటనే మా ప్రాణహిత గుర్తొచ్చింది. మాకు జూలై, ఆగస్టుల్లో కురిసే పెద్ద వానలన్నీ మీరు చెప్పిన ఆ అల్పపీడనాల వల్లే. రేడియోలో “వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం” అని వినిపించిందంటే, అది ఒడిశా తీరం దాటి పడమరగా కదిలి, ఛత్తీస్‌గఢ్, విదర్భ, ఉత్తర తెలంగాణల మీద కుమ్మరిస్తుంది. బస్తర్‌లో కురిసింది ఇంద్రావతిలోకి, విదర్భలో కురిసింది వార్ధా, వైన్‌గంగల ద్వారా ప్రాణహితలోకి, మల్కన్‌గిరి కొండల మీద కురిసింది శబరిలోకి చేరి, అంతా గోదావరే అవుతుంది. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి పడమటి కనుమల వాన నీడలో చాలా దూరం పారుతుంది కాబట్టి అక్కడ నీరు తక్కువ. భద్రాచలంలో మూడో హెచ్చరిక, అంటే 53 అడుగులు దాటిందంటే, అది సాధారణంగా ఈ తూర్పు ఉపనదుల పనే. 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడూ అంతే.

అంటే సముద్రంలోంచి లేచిన ఆవిరి మా మీద వానగా పడి, అదే నీరు మళ్ళీ ధవళేశ్వరం దాటి సముద్రం చేరి, అక్కడ మరో అల్పపీడనానికి పాన్పు పరుస్తోందన్నమాట. నేను పిల్లలకు జలచక్రం బొమ్మ గీసేటప్పుడు నది నుంచి సముద్రానికి ఒక బాణం గుర్తు వేసి వదిలేస్తాము. ఆ బాణం అక్కడ ఆగిపోదని పాఠంలో ఎక్కడా లేదు. నా అవగాహన సరైనదేనా?

కాలువ గట్టు

మాస్టారూ, చక్కగా చెప్పారు. కానీ ఇక్కడ లెక్క తప్పకూడదు. గంగా బ్రహ్మపుత్రలు కలిసి సముద్రంలోకి తెచ్చే నీరు గోదావరి తెచ్చేదానికి పది రెట్లకు పైనే. ఉత్తర బంగాళాఖాతంలో ఆ తేలిక పొర ప్రధానంగా వాటి చలవ. గోదావరి మీద ఒక ప్రాజెక్టు కడితే అల్పపీడనాలు ఆగిపోతాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సాగర విద్యార్థిని

ఒప్పుకోనక్కర లేదు సార్. నేనూ అలా అనను. గోదావరి, కృష్ణ ఒంటరిగా బంగాళాఖాతాన్ని మార్చలేవు. కానీ మన దేశంలో నదులన్నిటినీ అనుసంధానించి, ఒక్కోదాని నుంచి కొంత కొంత తీద్దామన్న ఆలోచన ఉంది కదా, దాన్ని కలిపి చూడాలి. ఒక్కో ప్రాజెక్టు నివేదికలో ప్రభావం స్వల్పమనే వస్తుంది. అన్నీ కలిపితే ఎంతో లెక్కగట్టే బాధ్యత ఏ ఒక్క నివేదికదీ కాదు. నా బాధ అంతా అక్కడే.

ఇక మన తీరం దగ్గరకు వస్తే గోదావరి మాటే చెల్లుతుంది. వరద రోజుల్లో నది నీరు మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రం మీద ఎంతో దూరం పరుచుకుంటుంది. ఆపైన కోస్తా ప్రవాహం దాన్ని మోసుకుపోతుంది. మన తీరం వెంట ఆ ప్రవాహం వానాకాలానికి ముందు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి పారుతుంది. అంటే గంగ తెచ్చిన మంచినీరు కూడా శీతాకాలం మొదట్లో మన విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ముందు నుంచే శ్రీలంక వైపు వెళుతుంది.

శివారు రైతు

చాలా విషయాలు తెలిశాయి. ఒక సందేహం, కాదు, భయమే అనండి. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద పడిన ఉప్పెన మా ఇంట్లో ఇప్పటికీ మాట్లాడుకోని సంగతి. ప్రభుత్వ లెక్కలోనే పది వేల మంది. మా పెదనాన్న గారి కుటుంబంలో ఒక్కరే మిగిలారు. ఆ వెచ్చటి పొర అల్పపీడనానికి బలమిస్తే తుపానుకూ ఇస్తుంది కదమ్మా? అలాంటప్పుడు నది నీరు వెళ్ళకపోవడమే మంచిదని ఎవరైనా అంటే ఏం చెప్పాలి?

సాగర విద్యార్థిని

మీ ఇంటి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మీరు ఊహించింది నిజమే. తుపాను కదులుతూ సముద్రాన్ని చిలికి, తన కింద తానే చల్లటి నీటిని పైకి తెచ్చుకుంటుంది. దానితో దాని బలం కొంత తగ్గుతుంది. తేలిక పొర బలంగా ఉన్నచోట ఆ చల్లబడటం తక్కువ, కాబట్టి తుపాను బలం నిలుపుకోగలదు. అక్టోబరు, నవంబరుల్లో మన తీరానికి వచ్చే తుపాన్ల విషయంలో ఇదొక కారణం. 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్ అక్టోబరులోనే వచ్చాయి.

అయితే తుపాను బలానికి ఇదొక్కటే కారణం కాదు. సముద్రం లోతున ఎంత వేడి నిల్వ ఉంది, పై గాలులు ఎలా ఉన్నాయి, గాలిలో తేమ ఎంత అన్నవన్నీ ఉంటాయి. పైగా జూలైలో వానలిచ్చే పొరనూ, నవంబరులో తుపానుకు ఊతమిచ్చే పొరనూ విడదీసి ఒకటి ఉంచుకుని రెండోది వద్దనడం కుదరదు. ఉప్పెన మనిషిని ఎంత దెబ్బతీస్తుందనేది తీరం ఎత్తు మీద, మొగల దగ్గర మడ అడవి మీద, హెచ్చరిక ఎంత ముందు అందిందనే దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. వీటిలో మొదటి రెండూ నది తెచ్చే మట్టితో ముడిపడినవే. మట్టి గురించి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారనుకుంటాను.

రాతిబడి (భూగర్భ శాస్త్రం బోధిస్తాను)

పిలిచినట్టే అయింది, చెబుతాను.

ఇప్పటిదాకా అందరూ నీటి గురించే రాశారు. నది సముద్రానికి నీరు మాత్రమే తీసుకుపోదు. ఒండ్రు తీసుకుపోతుంది. డెల్టా అంటేనే నది వేసిన మట్టి. ఆ మట్టి తన బరువుకు తానే అణిగి ఏటా కొంచెం కొంచెం కుంగుతూ ఉంటుంది. పైన కొత్త ఒండ్రు పడినంత కాలం లెక్క సరిపోతుంది. పడకపోతే నేల దిగుతుంది, సముద్రం లోపలికి వస్తుంది. భూగర్భ జలం, గ్యాస్ తోడితే ఆ కుంగుబాటు పెరుగుతుంది. పైగా 1901 నుంచి ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించిన ఒక అధ్యయనం ప్రమాదంలో ఉన్నవాటిలో కృష్ణా, గోదావరి డెల్టాలనూ చేర్చింది.

ఇప్పుడు ఒండ్రు లెక్క చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిలో కలిసి వచ్చే ఒండ్రు 1971-79 మధ్య ఏటా సగటున 15 కోట్ల టన్నులు. 1990-98 నాటికి 5.7 కోట్ల టన్నులు. విజయవాడ దగ్గర కృష్ణలో 1966-69లో ఏటా 90 లక్షల టన్నులు ఉండేది, 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. ఆ కృష్ణ 1960కి ముందు ఏటా సగటున రెండు వేల టీఎంసీలు సముద్రానికి ఇచ్చేది. 2001 నుంచి 2004 దాకా వచ్చిన కరవులో దాదాపు ఏమీ ఇవ్వలేదు. శివారు రైతు గారి గట్ల మీద ఉప్పు పెచ్చులకు ఇందులో పెద్ద వాటాయే ఉంది.

రాని మట్టి ఎక్కడికి పోయింది? జలాశయాల అడుగున ఉంది. నాగార్జునసాగర్ కట్టినప్పుడు 408 టీఎంసీలు, ఇప్పుడు 312. శ్రీశైలం 308 నుంచి 215కు దిగింది. గోదావరి మీది పోచంపాడు (శ్రీరాంసాగర్) 112 ఉండేది, 1994 సర్వే నాటికే 90కి వచ్చింది. ఒక్క సాగర్, శ్రీశైలంలోనే 190 టీఎంసీలకు దగ్గరగా చోటు పోయింది. అంటే దాదాపు ఒక పోలవరమంత. ఆ ఒండ్రు అక్కడ ఉండి నీటి చోటు తినేస్తోంది, ఇక్కడ లేక తీరం తినేయబడుతోంది. రెండు చోట్లా నష్టమే. ఇంత జరుగుతుంటే ఒండ్రు గురించి ఒక్క బహిరంగ సభలో ఒక్క మాట వినపడదు. నాకు నిజంగా కోపం వస్తుంది.

గాలి మాట కూడా కలుపుతాను, ఎందుకంటే అది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, పంగిడి వైపు క్వారీల్లో నల్లరాయి చూసే ఉంటారు. ఊళ్ళలో కంకర అదే. అది 6.6 కోట్ల సంవత్సరాల కిందట మహారాష్ట్ర వైపు పొంగిన లావా, వెయ్యి కిలోమీటర్ల దూరం పారి ఇక్కడికి వచ్చిందని పరిశోధకులు తేల్చారు. భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో అదొకటి. ఇప్పుడు గోదావరి కూడా అటునుంచి ఇటే పారుతోంది. ఆ నల్లరాతి మీద వాన పడినప్పుడు, గాలిలోని కార్బన్ డయాక్సైడు వాన నీటిలో కరిగి రాతిని మెల్లగా అరగదీస్తుంది. రాయి నల్లరేగడి అవుతుంది, కార్బన్ బైకార్బనేటుగా మారి నదిలో కరిగి సముద్రం చేరుతుంది. లావా పొంగినప్పుడు గాలిలోకి వెళ్ళిన కార్బన్‌ను ఆ రాయే, వాన సాయంతో, కోట్ల ఏళ్ళుగా వెనక్కి తీసుకుంటోంది. పత్తి చేలో కాలికి అంటుకునే బంకమట్టిలో ఆ కథంతా ఉంది.

ఉప్పాడ తీరం

రాతిబడి గారు చెప్పిన “తీరం తినేయబడుతోంది” అన్నది మా ఊరు. మా చిన్నాన్న మగ్గం ఉన్న గది ఇప్పుడు లేదు. ఒక అమావాస్య పోటుకు వెనుక గోడ కింద ఇసుక జారిపోయింది, గోడ నిలబడే ఉంది కానీ కింద నుంచి అవతల సముద్రం కనిపించేది. మరుసటి పోటుకు పడిపోయింది. మగ్గం ముందే విప్పి తీసుకెళ్ళాము కాబట్టి జామ్దానీ పని ఆగలేదు, ఇల్లే పోయింది. కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు రాళ్ళు పోశారో లెక్క లేదు. జియోట్యూబు గోడ, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల గోడ కట్టారు, అలలు దాన్నీ చీల్చాయి.

మాకు కొందరు హార్బరు వల్లనంటారు, కొందరు హోప్ ఐలాండ్ వల్లనంటారు, కొందరు సముద్రం పెరగడం వల్లనంటారు. ఏది నమ్మాలి?

రాతిబడి

మూడింటికీ వాటా ఉంది. నైరుతి గాలుల కాలంలో అలలు మన తీరానికి ఏటవాలుగా తగిలి ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి జరుపుతూ పోతాయి. గోదావరి పోసిన ఇసుకను అలా జరిపి జరిపి గత రెండు వందల ఏళ్ళలో కాకినాడ ముందు పొడవాటి ఇసుక దిబ్బగా పేర్చాయి, దాని కొసనే హోప్ ఐలాండ్ అంటున్నాం. అది కాకినాడను కాపాడుతుంది. కానీ ఉత్తరాన ఉన్న మీ ఊరికి వెళ్ళవలసిన ఇసుక దిబ్బ దగ్గరే చాలా వరకు ఆగుతుంది, అలలు దిబ్బ కొస దాటి వంగి మీ మీదకు వస్తాయి. హార్బరు గోడ ఇంకొంత ఆపుతుంది. అసలు నది తెచ్చే సరుకే తగ్గిపోయినప్పుడు చివర ఉన్నవారికి ముందుగా కొరత. కాలువ శివారు రైతుకు జరిగేదే ఇసుక శివారున మీకు జరుగుతోంది. గోదావరి డెల్టా అంచున 1976 నుంచి 2001 దాకా, కొత్తగా ఏర్పడిన నేలను తీసివేసి చూసినా, 18 చదరపు కిలోమీటర్ల భూమి పోయిందని లెక్క.

విశాఖలో హార్బరు ఇసుక దారిని అడ్డుకుంటుంది కాబట్టి డ్రెడ్జరుతో తోడి ఆర్కే బీచ్ వైపు పోస్తారు. పోయడం తగ్గితే బీచ్ కోసుకుపోతుంది. మీ దగ్గర రాళ్ళు పోసే డబ్బుతో ఇసుక పోయడం ఎందుకు ప్రయత్నించరని నేను చాలా కాలంగా అడుగుతున్నాను.

తెలుగు మిస్సిసిపి (లూసియానా)

నేనుండే చోట ఇదే కథ పెద్ద ఎత్తున జరిగింది. మిస్సిసిపికి కరకట్టలు కట్టి, ఎగువ ఉపనదుల మీద ఆనకట్టలు వేశాక, 1930ల నుంచి ఈ రాష్ట్రం దాదాపు 5,000 చదరపు కిలోమీటర్ల నేల పోగొట్టుకుంది. కరకట్టకు ఒకచోట దారి తెరిచి బురద నీటిని మళ్ళీ చిత్తడి నేలల్లోకి వదలాలని 2023లో భారీ పథకం మొదలుపెట్టారు. ఆల్చిప్పల వేట చేసుకునేవారు తమ ఉప్పునీరు చప్పబడిపోతుందని అడ్డం తిరిగారు, ఖర్చు పెరిగింది, 2025లో రద్దు చేశారు. డబ్బున్న దేశానికే ఒకసారి తెంచిన లంకె మళ్ళీ కలపడం ఇంత కష్టమైంది.

భైరవపాలెం వల

మాది వేట మీద బతికే కుటుంబం. ఫోనులో టైపు చేస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

జూలైలో గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే మాకు పండుగ. సముద్రంలోంచి పులస ఆ నీటికి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. సముద్రంలో ఉన్నంత సేపు దాని పేరు ఇలస, నదిలో కొన్నాళ్ళు ఈదాకే ఆ రుచి, ఆ ధర. ధవళేశ్వరం దాటి పైకి పోలేదు, ఆనకట్ట అడ్డం. నీరు ఆలస్యమైన ఏడు, తక్కువైన ఏడు చేప కూడా తక్కువే.

ఎర్రనీరు సముద్రంలోకి దిగినప్పుడు బోటు మీద వెళితే ఒక గీత కనిపిస్తుంది. ఇటు మట్టి రంగు, అటు నీలం. మధ్యలో నురగ, కర్రముక్కలు, గుర్రపుడెక్క కొట్టుకొచ్చి వరసగా తేలుతుంటాయి. పక్షులన్నీ ఆ గీత మీదే. వల కూడా అక్కడే వేస్తాము, చేప అక్కడే మేస్తుంది. రొయ్య పిల్ల పెరిగేది మడ అడవిలో, చప్పనీరూ ఉప్పునీరూ కలిసేచోట. ఈ నీరు ఊరికే పోతోందని అనేవారు ఒక్కసారి మా బోటెక్కి ఆ గీత దగ్గరికి రావాలి.

సాగర విద్యార్థిని

అన్నా, ఆ గీతను మేము ఉపగ్రహ చిత్రాల్లో వెతుక్కుంటాము. మీరు చెప్పింది అక్షరాలా నిజం. నది తెచ్చే నత్రజని, భాస్వరం, సిలికా మీద కంటికి కనిపించని మొక్క నాచు పెరుగుతుంది, ముఖ్యంగా గాజు పెంకు కట్టుకునే రకాలకు సిలికా లేనిదే గడవదు. వాటిని తిని చిన్న జీవులు, వాటిని తిని చేప. సిలికా వచ్చేది రాళ్ళు అరగడం వల్ల, అంటే రాతిబడి గారి నల్లరాయి మీ వల దాకా వచ్చిందన్నమాట.

మంచిర్యాల మాస్టారు

ఇంకో కోణం ఉంది, ఇది నేల నుంచి గాలికి వెళ్ళేది. మనం నదిని మళ్ళించి పొలాలు తడిపితే ఆ తేమ మళ్ళీ ఆవిరై గాలిలో కలుస్తుంది, కాబట్టి వాన పెరుగుతుందని కొందరు అంటారు. 2023లో ఐఐటీ బొంబాయి, పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు నదుల అనుసంధానం గురించి ఒక అధ్యయనం ప్రచురించారు. సాగు కిందికి కొత్తగా వచ్చే నేల గాలిలోని తేమను, గాలుల తీరును మార్చి, ఇప్పటికే నీటి కరవున్న కొన్ని ప్రాంతాల్లో సెప్టెంబరు వానను 12 శాతం దాకా తగ్గించవచ్చని వారి కంప్యూటర్ నమూనాలో తేలింది. సెప్టెంబరు వాన అంటే మా పత్తికి ప్రాణం, చెరువులకు ఆఖరి ఆశ. నమూనా నమూనాయే, రేపు ఇంకొకరు వేరేగా చెప్పవచ్చు. కానీ ఒక పరీవాహక ప్రాంతంలో మిగులుంది, ఇంకోదానిలో కొరత ఉంది, ఇటునుంచి అటు మళ్ళిద్దామనే లెక్కలో ఆ రెండింటి వానా ఒకదానితో ఒకటి ముడిపడి ఉందన్న సంగతి ఎక్కడా కనబడదు.

కాలువ గట్టు

అందరి మాటలూ విన్నాక నా అభిప్రాయం రాస్తాను. ఆనకట్టలు వద్దనే మాట నేను ఎన్నటికీ అనను. నందన కరవు మళ్ళీ రాకూడదు. కానీ “ఎన్ని టీఎంసీలు పోయాయి” అన్న ప్రశ్న చాలదు. ఏ నెలలో పోయాయి, ఏం మోసుకుపోయాయి అని అడగాలి.

ఆగస్టులో 2,000 టీఎంసీలు వెళ్ళిన ఏడాదే, మార్చి, ఏప్రిల్‌లో బ్యారేజీ కింద చుక్క ఉండదు. గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ వరి) గట్టెక్కేది సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటితో. ఆ నీరు కాలువల్లోకి పోగా మొగల దగ్గరికి చేరేదేమీ మిగలదు. అప్పుడే పోటు నీరు పాయల్లో పైదాకా ఎక్కుతుంది. వరదలో వెళ్ళిన వేల టీఎంసీలు వేసవిలో ఉప్పును ఆపలేవు. వేసవిలో సన్నటి ధార వదిలినా అది చేసే మేలు వరద చేయదు. మరోవైపు, ఒండ్రులో అధిక భాగం కదిలేది వరద ఉధృతంగా ఉన్న కొద్ది రోజుల్లోనే. ఆ మొదటి ఎర్రనీటిని జలాశయంలో నిలబెడితే మట్టి అక్కడే దిగిపోతుంది. అడుగు తూముల ద్వారా దాన్ని కదిలించి వదిలి, తరువాత వచ్చే తేట నీటిని నింపుకోవడం సాధ్యమైన చోట చేయాలి. కొత్త ప్రాజెక్టుల నిర్వహణ నియమాల్లో ఇది మొదటి రోజు నుంచే ఉండాలి, నలభై ఏళ్ళ తరువాత కాదు. నదిలో ఇసుక తవ్వకాన్ని కూడా ఈ లెక్కలోకే తేవాలి.

గంగకు కనీస ప్రవాహం ఎంత ఉండాలో కేంద్రం 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. కృష్ణా, గోదావరుల మొగల దగ్గర అలాంటి అంకె ఒకటి నెలవారీగా నిర్ణయించాలి. పంపకాల్లో రాష్ట్రాల వాటాలున్నట్టు సముద్రానికీ ఒక వాటా రాయాలి.

శివారు రైతు

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ నమస్కారాలు. వచ్చే వారం మా నీటి సంఘం సమావేశం ఉంది. వేసవిలో డ్రెయిన్ల చివర పోటు నీరు ఎగదన్నకుండా తలుపులు బాగు చేయించమని ఎలాగూ అడుగుతాము. దానితోపాటు మార్చి నుంచి మే వరకు బ్యారేజీ కింద కొంత నీరు వదలాలని తీర్మానం పెడతాను. ఉప్పు పెరుగుతోందని నోటితో చెబితే అధికారులు వినరు, లెక్క కావాలంటారు. ఆ లెక్క మేము ఎలా తీయాలి?

కాలువ గట్టు

నీటిలో ఉప్పు కొలిచే చిన్న ఈసీ మీటరు చేతిలో పట్టేంత ఉంటుంది, సంఘం డబ్బుతో కొనవచ్చు. మూడు చోట్లు ఎంచుకోండి: కాలువ చివర, డ్రెయిను నోటి దగ్గర, ఊరి బోరు. అమావాస్య, పౌర్ణమి పోటు రోజుల్లో తప్పనిసరిగా, మిగతా వారాల్లో ఒకసారి. తేదీ, సమయం, పోటా పాటా అన్నది పక్కన రాయండి. బ్యారేజీ నుంచి ఆ రోజు ఎంత వదిలారో పత్రికలో వస్తుంది, అదీ రాయండి. రెండు వేసవుల పుస్తకం ఉంటే ఏ ఇంజినీరూ కాదనలేడు. తీర్మానం చిత్తుప్రతి నాకు పంపండి, నియమాల భాషలోకి మార్చి ఇస్తాను.

భైరవపాలెం వల

మా మొగ దగ్గర కూడా అలాగే రాస్తాము. మీటరు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

సాగర విద్యార్థిని

మా దగ్గర పాతది ఒకటి ఉంది, పనిచేస్తోంది. సరిచూసి ఇస్తాను. కాకినాడ వైపు వచ్చినప్పుడు మొగ దగ్గరికి వచ్చి నీటి నమూనా ఎలా తీయాలో కూడా చూపిస్తాను. రైతు గారికి వాడే విధానం ఈ రోజే రాసి పంపుతాను.